పేషెంట్లు, డాక్టర్లు, రీసెర్చర్లు కలిసి చేసే వైద్య పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ప్రతి టీమూ దాదాపు ఇవే డౌట్లు అడుగుతుంది. ఒకే జవాబు పదిసార్లు టైప్ చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట పెట్టేశాను. స్టేజ్‌ల వారీగా ఉన్నాయి, మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, మొదట్నుంచి చదవాలనేం లేదు.

## అసలు ఇదేంటి

కో ప్రొడక్షన్ అంటే ఏంటండీ? పేషెంట్లని ట్రయల్‌లో చేర్చుకోవడమేగా?

కాదు. ట్రయల్‌లో (ఒక మందో పద్ధతో పనిచేస్తుందా లేదా అని మనుషుల మీద చూసే పరీక్షలో) చేరినవాళ్ల బీపీ, బ్లడ్ రిపోర్ట్, జవాబులు మనకి డేటా, అంతవరకే. ఇక్కడ సంగతి వేరు. ఆ ట్రయల్ దేనిమీద పెట్టాలి, ఏం కొలవాలి, వచ్చిన రిజల్ట్‌కి అర్థమేంటి, రేపు వార్డులో ఎలా వాడాలి అని తేల్చే చోట పేషెంట్లు కూడా కూర్చోవడం. పేషెంట్లొక్కళ్లే కాదు, ఇంట్లో వాళ్లని చూసుకునేవాళ్లు, నర్సులు, ఫార్మసిస్టులు, హాస్పిటల్ నడిపేవాళ్లు, పాలసీ రాసేవాళ్లు, అంటే ఆ రిజల్ట్‌తో రేపు పని ఉన్న ప్రతివాళ్లూ. బ్రిటన్‌లో దీన్ని పేషెంట్ అండ్ పబ్లిక్ ఇన్వాల్వ్‌మెంట్ అంటారు, కెనడాలో ఇంటిగ్రేటెడ్ నాలెడ్జ్ ట్రాన్స్‌లేషన్ అంటారు, కమ్యూనిటీల్లో పనిచేసేవాళ్లు పార్టిసిపేటరీ రీసెర్చ్ అంటారు. వీటి మధ్య తేడాలున్నాయి కానీ పేరు ఏది పెట్టాలా అని నెల రోజులు కొట్టుకున్న టీమ్‌ని చూశాను, దానికంత టైమ్ వద్దు.

చదువుకున్న డాక్టర్లు, సైంటిస్టులు ఉన్నారుగా, పేషెంట్ కొత్తగా చెప్పేదేముంటుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ సంగతి చూడండి. ట్రయల్స్‌లో ఏం కొలవాలో తేల్చే ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ గ్రూప్ 2002 మీటింగ్‌కి పేషెంట్లని పిలిచింది. కీళ్ల వాపు, నొప్పి ఇవన్నీ అప్పటికే కొలుస్తున్నారు, కానీ వచ్చినవాళ్లు మాకు అన్నిటికంటే బాధ పెట్టేది విపరీతమైన అలసట, దాన్ని మీరెవరూ అడగరేంటి అన్నారు. తర్వాత కొన్నేళ్లకి అలసట కూడా కొలవాల్సిన వాటిలో చేరింది. ఆ జబ్బు మీద జీవితమంతా పనిచేసినవాళ్లకి ఇది తట్టలేదంటే వాళ్లు తెలివి తక్కువ వాళ్లని కాదు, ఆ అలసటతో పొద్దున లేచేది వాళ్లు కాదు, అంతే.

ఇంకోటి, లాంగ్ కోవిడ్ అనే పేరు పెట్టింది డాక్టర్లు కాదు. 2020 మేలో ఒక పేషెంట్ ట్విట్టర్‌లో వాడిన మాట అది. మైల్డ్ కేసులు రెండు వారాల్లో తగ్గిపోతాయని చెప్తున్న రోజుల్లో నెలలైనా తగ్గనివాళ్లు ఒక గ్రూప్‌గా కలిసి వాళ్లే సర్వే రాసుకుని 56 దేశాల నుంచి 3762 మంది జవాబులు పోగేసి 2021లో పేపర్ వేశారు.

ఇదేదో ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ లాగుందే?

ఫండింగ్ ఫారాల్లో కాలమ్‌గా వచ్చింది ఈ మధ్యే కానీ ఆలోచన పాతదే. కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్ట్ యాక్షన్ రీసెర్చ్ (సమస్యని మారుస్తూనే దాన్ని అధ్యయనం చేసే పద్ధతి) గురించి రాసింది 1946లో. షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో జనాల భాగస్వామ్యానికి 8 మెట్ల నిచ్చెన గీసింది, అడుగు మెట్లన్నీ ఉత్తుత్తి భాగస్వామ్యమే అని మొహమాటం లేకుండా చెప్పింది. వైద్యంలో దీన్ని నిజంగా కదిలించింది మాత్రం ఎయిడ్స్ పేషెంట్లే. 1983లో డెన్వర్‌లో మమ్మల్ని బాధితులనొద్దు, మా గురించి తీసుకునే నిర్ణయాల్లో మేమూ ఉంటాం అని ప్రకటన రాశారు, 1988 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ) ఆఫీసు ముందు ధర్నాకి దిగారు, ట్రయల్ డిజైన్లు చదివి నేర్చుకుని తప్పులు చూపించారు, ఆ తర్వాత ట్రయల్స్ ప్లాన్ చేసే కమిటీల్లోనే వాళ్లకి సీట్లొచ్చాయి. ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు, వాళ్లే తలుపు తోసుకుని లోపలికొచ్చారు.

దీనివల్ల లాభం ఉందని రుజువుందా, లేక మంచి మాట కాబట్టి అందరూ అంటున్నారా?

రెండూ. గట్టి రుజువు కావాలంటే బాలింతలు, నవజాత శిశువుల మీద జరిగిన పని చూడండి. నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌లో ఆడవాళ్ల గ్రూపులు నెలనెలా కూర్చుని తమ ఊళ్లో సమస్యలు తామే గుర్తించి పరిష్కారాలు ఆలోచించుకుంటే గ్రూపుల్లేని చోట్లకంటే నవజాత శిశువుల మరణాలు 30 శాతం తక్కువగా ఉన్నాయని 2004లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసిన ట్రయల్‌లో (2010లో అచ్చయింది) మూడేళ్ల మీద 32 శాతం తక్కువ. కానీ అదే ఏడాది బంగ్లాదేశ్ ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దానికి ఒక కారణం ఇది కావచ్చు, ఏక్‌జుట్‌లో దాదాపు 468 మంది జనాభాకి ఒక గ్రూప్ ఉంటే బంగ్లాదేశ్‌లో 1414 మందికి ఒకటి. 2013లో ఏడు ట్రయల్స్ కలిపి చూస్తే గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది గ్రూపులకి వచ్చిన చోట ఫలితం బాగా కనిపించింది. 2014లో డబ్ల్యూహెచ్‌ఓ ఈ పద్ధతిని సిఫారసు చేసింది కూడా.

ట్రయల్ కమిటీలో ఇద్దరు పేషెంట్లని కూర్చోబెడితే ఏం ఒరుగుతుంది అంటే రుజువు ఇంత బలంగా లేదు. 2018లో బీఎంజే అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన రివ్యూ ప్రకారం ట్రయల్‌లో చేరేవాళ్ల సంఖ్య కొంచెం పెరుగుతుంది, ఆ జబ్బు అనుభవం ఉన్నవాళ్లు టీమ్‌లో ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువ. అద్భుతాలేం ఆశించొద్దు.

## మొదలుపెట్టే ముందు

గ్రాంట్ వచ్చాక పిలుస్తాం, ఇప్పుడే ఎందుకు?

గ్రాంట్ వచ్చేసరికి ప్రశ్న ఫిక్స్, కొలిచేవి ఫిక్స్, బడ్జెట్ ఫిక్స్. అప్పుడు పిలిస్తే ఇల్లు కట్టేశాక ప్లాన్ చూపించి ఎలా ఉంది అన్నట్టుంటుంది, వచ్చినవాళ్లు మాత్రం ఏం చెప్తారు, కన్సెంట్ ఫారంలో రెండు మాటలు మారుస్తారు, లోగో రంగు బాలేదంటారు. నేనూ మొదటిసారి అదే చేశాను. నలభై పేజీల ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా చెయ్యాలో రాసిన ప్లాన్) మెయిల్ చేసి శుక్రవారంలోగా కామెంట్స్ పంపండి అన్నాను. ఒకావిడ ఫోన్ చేసి ఇందులో మార్చడానికి ఏదైనా మిగిలిందా బాబూ అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. కాబట్టి ప్రశ్న ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, ఒక్క పేజీ కూడా రాయకముందే పిలవండి.

పేషెంట్లు ప్రశ్న పెడితే అది సైన్స్ ఎలా అవుతుంది?

ప్రశ్న ఎవరు పెట్టారన్నదానికీ జవాబు ఎంత శాస్త్రీయంగా వెతికామన్నదానికీ సంబంధం లేదు. 2004లో బ్రిటన్‌లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ చేసే పని ఇదే. ఒక జబ్బు తీసుకుంటారు, పేషెంట్లు, చూసుకునేవాళ్లు, వైద్యం చేసేవాళ్లు ముగ్గురినీ మీకు జవాబు దొరకని ప్రశ్నలేంటి అని సర్వే చేస్తారు, వాటిలో ఇప్పటికే జవాబున్నవి సిస్టమాటిక్ రివ్యూలు (ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నీ వెతికి కలిపి చూసే పేపర్లు) చూసి తీసేస్తారు, మిగిలినవాటిని చివరికి ఒక వర్క్‌షాప్‌లో అందరూ కూర్చుని వాదించుకుని టాప్ 10 తేలుస్తారు. ఇలా అడగకపోతే ఏమవుతుందో మోకాలి ఆర్థరైటిస్‌లో తెలిసింది. 2000లో లాన్సెట్‌లో వచ్చిన పోలికలో రీసెర్చ్ ఎక్కువ భాగం మందుల మీదే ఉంది, పేషెంట్లేమో మోకాలి మార్పిడి గురించి, జబ్బుతో ఎలా బతకాలో చెప్పే సలహాల గురించి తెలుసుకోవాలనుకున్నారు.

మాది చిన్న డిపార్ట్‌మెంట్, డబ్బుల్లేవు, చెయ్యగలమా?

చెయ్యొచ్చు, సైజు తగ్గించుకోండి. ఒక ప్రశ్న, నలుగురైదుగురు మనుషులు, మూడు మీటింగులు. ఆ జబ్బు మీద టాప్ 10 లిస్ట్ ఇప్పటికే ఎక్కడైనా తేలి ఉంటే దాన్నుంచి ఒక ప్రశ్న తీసుకోండి, మళ్లీ మొదట్నుంచి అడగక్కర్లేదు. చెయ్యకూడనిది ఒకటే, డబ్బుల్లేవు కాబట్టి వచ్చేవాళ్ల టైమ్ కూడా ఫ్రీ అనుకోవడం.

## టీమ్ కట్టేటప్పుడు

ఎవరిని పిలవాలి? మా ఓపీకి ఒక రిటైర్డ్ ఆయన వస్తారు, బాగా మాట్లాడతారు, సరిపోతారా?

ఆయన్ని పిలవండి కానీ ఆయనతో ఆపేయొద్దు. బాగా మాట్లాడేవాళ్లు, టైమ్ ఉన్నవాళ్లు, డాక్టర్‌తో చనువున్నవాళ్లు అన్ని కమిటీల్లోనూ వాళ్లే ఉంటారు. ఓపీకి రావడం మానేసినవాళ్లు, మందులు మధ్యలో ఆపేసినవాళ్లు, భాష రానివాళ్లు, రోజు కూలి పోతుందని రాలేనివాళ్లు, వీళ్ల అనుభవమే మీకు తెలియనిది. వాళ్లని ఓపీలో వెతికితే దొరకరు, వాళ్లకి దగ్గరగా ఉండే హెల్త్ వర్కర్లు, పేషెంట్ సంఘాల ద్వారా వెళ్లాలి, వాళ్లుండే చోటికే మీరు వెళ్లాలి. ఇంకో మాట, ఒక్కళ్లనే ఎప్పుడూ పిలవొద్దు. తెల్లకోట్లు వేసుకున్న పదిమంది మధ్య ఒక్క పేషెంట్ అంటే ఆయన నోరు పెగలదు, కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకరికొకరు ధైర్యం.

డబ్బులివ్వాలా? సేవాభావంతో వస్తారనుకున్నాం.

ఇవ్వాలి. ఆ టేబుల్ చుట్టూ కూర్చున్న మిగతా అందరూ జీతం మీదే ఉన్నారు కదా. ప్రయాణం, తోడు వచ్చే మనిషి ఖర్చు, పిల్లల్ని ఎవరో చూసుకోవాలంటే ఆ ఖర్చు, పోయిన రోజు కూలి, ఇవి వేరు, టైమ్‌కి ఇచ్చేది వేరు, రెండూ బడ్జెట్‌లో మొదటే రాయండి. రీయింబర్స్‌మెంట్ అని మూడు నెలల తర్వాత ఇచ్చే పద్ధతి పెట్టారంటే చేతిలో డబ్బున్నవాళ్లే వస్తారు. కొందరికి ఈ డబ్బు వల్ల వేరే భత్యం పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎలా ఇవ్వాలో వాళ్లనే అడగండి, వద్దంటే వద్దనే హక్కు కూడా వాళ్లదే.

టీమ్‌లో కూర్చునే పేషెంట్లకి కూడా ఎథిక్స్ పర్మిషన్, కన్సెంట్ ఫారం కావాలా?

సలహాదారుగా, సహ పరిశోధకులుగా ఉన్నంతవరకు వాళ్లు మీ సహోద్యోగుల్లాంటివాళ్లు, వాళ్ల దగ్గర డేటా తీసుకోవట్లేదు కాబట్టి చాలా చోట్ల దానికోసం వేరే పర్మిషన్ అడగరు. కానీ మీటింగ్‌లో వాళ్లు చెప్పినదాన్ని రికార్డ్ చేసి కోట్ చేసి పేపర్‌లో రిజల్ట్‌గా వెయ్యాలనుకుంటే అది డేటా అయిపోయింది, అప్పుడు పర్మిషన్ కావాలి. వాళ్లే ఇంటర్వ్యూలు చేస్తుంటే వాళ్లకి ట్రైనింగ్, గోప్యత ఒప్పందం కావాలి. అనుమానంగా ఉంటే ఎథిక్స్ కమిటీకి ముందే ఒక ఉత్తరం రాసి అడగడం తేలిక. హెల్సింకీ డిక్లరేషన్ (మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకి అంతర్జాతీయ నైతిక నియమాలు) 2024 సవరణలో సబ్జెక్ట్స్ అనే మాట తీసేసి పార్టిసిపెంట్స్ అని పెట్టారు, రీసెర్చ్‌కి ముందు, జరిగేటప్పుడు, తర్వాత కూడా జనాన్ని అర్థవంతంగా కలుపుకోవాలని రాశారు, కాబట్టి కమిటీలే ఇప్పుడు మిమ్మల్ని ఎదురు అడగొచ్చు.

## పని నడుస్తున్నప్పుడు

మీటింగ్‌లో పేషెంట్లు నోరు విప్పట్లేదు, ఏం చెయ్యాలి?

ముందు మీరెంత మాట్లాడుతున్నారో చూసుకోండి. గంట మీటింగ్‌లో యాభై నిమిషాలు స్లైడ్లు వేసి ఏమైనా ప్రశ్నలున్నాయా అంటే ఎవరికీ ఏమీ ఉండవు. నేను చూసినంతలో పనికొచ్చేవి చిన్న చిన్నవే: మీటింగ్‌కి ముందు రోజు పేషెంట్లతో విడిగా అరగంట ఫోన్, అందులో రేపు ఏం తేల్చాలో చెప్పడం, మీటింగ్‌లో మొదటి మాట వాళ్లదే కావడం, ప్రొఫెసర్‌ని చివర్లో మాట్లాడమనడం (ఆయన ముందు మాట్లాడితే మిగతా అందరూ తలూపుతారు), రాండమైజేషన్ (ఎవరికి ఏ ట్రీట్‌మెంట్ అన్నది లాటరీలా తేల్చడం) లాంటి మాట వచ్చినప్పుడు ఆపి వివరించమనే హక్కు అందరికీ ఇవ్వడం. జూనియర్ డాక్టర్లకి కూడా ఈ చివరిది చాలా ఉపయోగపడింది, వాళ్లకీ కొన్ని తెలీదు, సిగ్గుపడి అడగరు.

ఒకాయన ఎప్పుడూ తన కేసు గురించే చెప్తారు, ఎలా ఆపాలి?

ఆపకండి, వాడుకోండి. ఆయన చెప్పేదాన్లో ఇది మీకొక్కరికేనా, మీకు తెలిసిన మిగతావాళ్లకీ జరిగిందా అని అడిగితే కథ నుంచి ప్రశ్నలోకి వస్తారు. ఒక్కోసారి ఆయనకి కావాల్సింది తన ట్రీట్‌మెంట్ గురించి ఎవరైనా వినడం, అది ఈ మీటింగ్ పని కాదు కాబట్టి విడిగా సంబంధిత డాక్టర్‌తో కలపండి, లేకపోతే ప్రతిసారీ అదే బాధ ఇక్కడికొస్తుంది.

డాక్టర్ల మాటా పేషెంట్ల మాటా కలవకపోతే ఎవరిది నెగ్గాలి?

ఏ విషయంలో అన్నదాన్ని బట్టి. ఎంతమందిని తీసుకోవాలి, ఏ టెస్ట్ నమ్మదగింది అనేవి లెక్క ప్రకారం తేలాలి, ఓటింగ్ పెట్టేవి కాదు. ఏ ఫలితం ముఖ్యం, ఎన్నిసార్లు హాస్పిటల్‌కి రమ్మనొచ్చు, ఏ రిస్క్ ఒప్పుకోదగింది అనేవాటిలో పేషెంట్ల మాటకి ఎక్కువ బరువుండాలి. ఎక్కడ ఎవరిది చివరి మాట అనేది మొదటి మీటింగ్‌లోనే కాగితం మీద రాసుకోండి. వాళ్ల సలహా పాటించలేకపోతే ఎందుకో చెప్పండి, జవాబు చెప్పకుండా వదిలెయ్యడమే మనుషుల్ని ఎక్కువగా దూరం చేస్తుంది.

పేరుకి పెట్టుకున్నారని అంటున్నారు, మాది తూతూమంత్రమో కాదో ఎలా తెలుస్తుంది?

నేను అడిగే ప్రశ్న ఒకటే, వాళ్ల వల్ల ఏం మారింది? ఒక్కటి చూపించండి, ప్రశ్న మారిందా, కొలిచేది మారిందా, ఒక విజిట్ తగ్గిందా. ఏమీ లేదంటే మీ దగ్గర ఉన్నవాళ్లు ఉత్సవ విగ్రహాలు. మొదటి రోజు నుంచే ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: తేదీ, ఎవరేమన్నారు, మేమేం చేశాం. ఏడాది తర్వాత గుర్తు చేసుకుని రాయడం అయ్యే పని కాదు. పేపర్‌లో దీన్ని ఎలా రాయాలో చెప్పే గ్రిప్ 2 అనే చెక్‌లిస్ట్ 2017లో వచ్చింది, చిన్నదీ పెద్దదీ రెండు రకాలుంది, ఏం బాగా జరిగింది ఏం జరగలేదు అని కూడా రాయమంటుంది, నిజాయితీగా నింపితే మంచి అద్దం.

సేకరించిన డేటా, శాంపిల్స్ ఎవరివి?

తీసుకునే ముందే తేలాలి. అరిజోనాలో హవసుపాయ్ తెగవాళ్లు 1990 నుంచి మొదలుపెట్టి డయాబెటిస్ రీసెర్చ్ అనుకుని రక్తమిచ్చారు, తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారు లాంటి వాటికి వాడారని తెలిసి కోర్టుకెళ్లారు. 2010లో ఆ రీసెర్చ్ చేసిన అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి శాంపిల్స్ వెనక్కిచ్చింది. కెనడాలో ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసులు 1998లోనే ఓకాప్ అనే నియమాలు రాసుకున్నారు, డేటా మీద యాజమాన్యం, నియంత్రణ, చూసే హక్కు, దగ్గర పెట్టుకునే హక్కు మావే అని. మీ ఒప్పందంలో కనీసం ఇంకో ప్రశ్నకి వాడాలంటే ఎవరిని అడగాలి, ప్రాజెక్ట్ అయ్యాక ఎక్కడుంటుంది, ఎప్పుడు చెరిపేస్తారు, ఈ మూడూ మామూలు భాషలో ఉండాలి.

దీనివల్ల ఎంత లేటవుతుంది?

అవుతుంది, కాదని చెప్పేవాళ్లని నమ్మకండి. మొదట్లో కొన్ని నెలలు పోతాయి, నమ్మకం కుదరడానికే. దీనికయ్యే ఖర్చు, గొడవలు, అలసట, రీసెర్చర్ల కెరీర్‌కి నష్టం ఇవన్నీ ఉన్నాయని 2019లో ఆలివర్, కొఠారీ, మేస్ అనే ముగ్గురు పేపరే రాశారు, ప్రతి పనికీ ఇది అక్కర్లేదేమో అని కూడా అడిగారు. నాకూ అదే అనిపిస్తుంది, ల్యాబ్‌లో ఒక ప్రోటీన్ ఆకారం కనుక్కోవడానికి పన్నెండు మీటింగులు పెట్టక్కర్లేదు. మనుషులు పాటించాల్సినదీ వాడాల్సినదీ అయితే మాత్రం ముందు పోయిన టైమ్ తర్వాత కలిసొస్తుంది.

## రిజల్ట్స్ వచ్చాక

పేపర్‌లో పేషెంట్ల పేరు ఆథర్‌గా వెయ్యొచ్చా?

ఆథర్ ఎవరో చెప్పే ఐసీఎంజేఈ (మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ) నాలుగు షరతులు అందరికీ ఒకటే: పనిలో గణనీయమైన పాత్ర, రాతలో గానీ సవరణలో గానీ చెయ్యి, తుది కాపీకి ఒప్పుకోలు, పనికి బాధ్యత. డిగ్రీ ఉండాలని ఎక్కడా లేదు. కాబట్టి డ్రాఫ్ట్ చదివి సవరించే అవకాశమివ్వకుండా వాళ్లు రాయలేదు కదా ఆథర్ కాదు అనడం అన్యాయం. కొందరు తమ జబ్బు పేరుతో ఇంటర్నెట్‌లో ఎప్పటికీ పేరుండటం ఇష్టపడరు, అదీ అడగాలి.

పేపర్ వచ్చి రెండేళ్లయింది, మా వార్డులో ఎవరూ ఏమీ మార్చుకోలేదు, ఎందుకు?

మీరొక్కళ్లే కాదు. బాలస్, బోరెన్ అనే ఇద్దరు రీసెర్చర్లు 2000లో వేసిన లెక్క ప్రకారం రీసెర్చ్‌లో 14 శాతం రోగికి ఉపయోగపడే దాకా రావడానికి సగటున 17 ఏళ్లు. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డల ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే పనిచేస్తుందని మొదటి ట్రయల్ 1972లోనే వచ్చింది, అమెరికాలో ఎన్‌ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ప్యానెల్ గట్టిగా వాడమన్నది 1994లో. మధ్యలో ఎన్ని ప్రాణాలు పోయాయో. సిస్టమాటిక్ రివ్యూలు చేసే కాక్రేన్ సంస్థ లోగోలో ఉన్న గీతలు ఆ స్టెరాయిడ్ ట్రయల్స్ రిజల్ట్సే, మర్చిపోకుండా పెట్టుకున్నారు.

వార్డులో మారకపోవడానికి కారణం మామూలుగా పేపర్ చదవకపోవడం కాదు. నైట్ డ్యూటీలో ఇద్దరే నర్సులుంటారు, కొత్త పద్ధతికి ఇంకో ఫారం నింపాలి, ఆ మందు స్టోర్‌లో ఉండదు, సీనియర్ ఒప్పుకోరు. ఇవన్నీ నర్సుకి మొదటి రోజే తెలుసు, ఆవిణ్ని మొదటి రోజు అడగలేదు. ఇప్పుడైనా ఆ వార్డువాళ్లతో కూర్చుని ఏది అడ్డం అని అడగండి, ట్రైనింగ్ క్లాస్ ఒక్కటే పెట్టి చేతులు దులుపుకోకండి.

వేరే దేశంలో చేసిన రిజల్ట్ మేం నేరుగా వాడొచ్చా?

మందు శరీరంలో ఎలా పనిచేస్తుందనేది చాలావరకు ఎక్కడైనా ఒకటే, కానీ దాన్ని అందించే పద్ధతి మాత్రం ఎక్కడికక్కడ మారుతుంది. ముఖ్యమైన భాగం ఏది, మార్చుకోదగ్గది ఏది అని విడదీయండి. ఆడవాళ్ల గ్రూపుల్లో కథలు, బొమ్మలు, ఆటలు ఊరిని బట్టి మారొచ్చు, తగినన్ని గ్రూపులుండటం, సమస్య వాళ్లే ఎంచుకోవడం మారకూడదు.

రిజల్ట్ నెగటివ్ వచ్చింది, టీమ్‌లో పేషెంట్లు బాగా డీలా పడ్డారు, ఎలా చెప్పాలి?

పేపర్ వచ్చేదాకా ఆగకుండా ముందే చెప్పండి, అచ్చులో చూసి తెలుసుకోవడం అవమానం. పనిచెయ్యని మందు ఇక ఎవరికీ ఇవ్వరు అన్నది నిజమే కానీ ఆ మాట మొదటి నిమిషంలో చెప్పొద్దు, ముందు వాళ్లనే మాట్లాడనివ్వండి. ట్రయల్‌లో చేరినవాళ్లందరికీ వెళ్లే ఉత్తరం రాసేటప్పుడు మాత్రం ఈ పేషెంట్లనే పక్కన కూర్చోబెట్టుకోండి, మనం రాస్తే గణాంకపరంగా ప్రాముఖ్యత లేదు అని రాస్తాం, వాళ్లు రాస్తే ఈ మందు వేసుకున్నా వేసుకోకపోయినా తేడా కనపడలేదు అని రాస్తారు.

ప్రాజెక్ట్ అయిపోయింది, గ్రూప్‌ని ఏం చెయ్యాలి?

ఫండింగ్ ఆగిన మర్నాటి నుంచి ఫోన్లు ఎత్తని టీమ్‌లు ఎక్కువ, వాళ్ల తర్వాత వెళ్లే టీమ్‌కి తలుపులు మూసుకుపోతాయి. చివరి మీటింగ్ ఎప్పుడో ఆరు నెలల ముందే చెప్పండి. రిజల్ట్ ఎక్కడ వాడారో తెలిసినప్పుడు, అది రెండేళ్ల తర్వాతైనా సరే, ఒక మెసేజ్ పెట్టండి. కొనసాగాలనుకునేవాళ్లకి వేరే టీమ్‌ల వివరాలివ్వండి. మేం ఒక గ్రూప్‌ని ఇలా వదిలేశాక అందులో ఒకావిడ తానే ఇంకో పదిమందిని పోగేసుకుని తర్వాతి ప్రశ్న పట్టుకుని మా దగ్గరికొచ్చింది, ఈసారి అజెండా ఆవిడే రాసుకొచ్చింది.